నా నుదుటి తైలగ్రంథుల వారికి విన్నపం

మహారాజశ్రీ నా నుదురు, ముక్కు, గడ్డముల మీద కొలువై ఉన్న తైలగ్రంథుల వారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. మీ క్షేమసమాచారం అడగవలసిన పనే లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే అది అద్దంలో తళతళలాడుతూ కనిపిస్తూనే ఉంటుంది.

నిన్నటి సంగతి మీకు తెలియనిది కాదు. గుర్తింపు కార్డు కోసం దిగిన ఫోటోను, నుదుటి మీద వెలుగు పడి ముఖం స్పష్టంగా లేదంటూ తిప్పికొట్టారు. బయలుదేరే ముందు రెండుసార్లు ముఖం కడుక్కున్నాను, వరుసలో నిలబడ్డ ముప్పావుగంటలోనే మీరు మీ పని కానిచ్చారు. ఫోటో తీసే ఆయన “కాస్త ముఖం తుడుచుకోండి” అని మర్యాదగానే రెండుసార్లు చెప్పి, మూడోసారి తన చేతిరుమాలే తీసి ఇవ్వబోయాడు. మధ్యాహ్నమంతా వృథా అయ్యాక, వాళ్ళిచ్చిన తిరస్కరణ చీటీని నుదుటికి ఆనించుకుని కాసేపు కూర్చున్నాను. తీసి చూస్తే ఆ మేరకు కాగితం పలచబడి, వెనకవైపు అక్షరాలు ఇవతలికి కనిపించాయి.

మీ గురించి చదివాకే నా కోపం అసలు రూపు దాల్చింది. మీ లోపలి కణం పుట్టి, కొవ్వుతో ఉబ్బి, పగిలి నూనెగా బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుందట. అంటే నిన్న నా ఫోటోను పాడుచేసిన జిడ్డు, ఫోటో దిగాలన్న ఆలోచన నాకు రాకముందే తయారవడం మొదలుపెట్టిందన్నమాట! పైనున్నది నేను కడిగేస్తుంటే లోపల సరుకు సిద్ధంగా ఉంది. పోనీ చేసినవాణ్ణి నిలదీద్దామంటే, నూనెను వదలడానికి ఆ కణం తానే పగిలి చచ్చిపోతుంది. నేరంలోనే నేరస్థుడు పోతే ఫిర్యాదు ఎవరి మీద పెట్టుకోవాలి? నుదుటి మీద చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటారే, మీలో ఒక్కరికైనా సిగ్గనిపించలేదా? అరిచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం ఒక్కరూ ఉండరు. పగిలిన నా మడమలు చుక్క నూనె కోసం మొహం వాచి ఉంటే, ముక్కు మీద మాత్రం మీ సంతర్పణ!

ఇది వయసు జిడ్డు, ఇరవై దాటితే అదే పోతుందని మా పెద్దలు మీ తరఫున మాట ఇచ్చారు. ఇప్పుడు నాకు 38 నడుస్తోంది. మీచేత నూనె ఊరింపజేసే ఆండ్రోజెన్ హార్మోన్లు ఉన్నంతకాలం మీరూ ఉంటారనీ, స్త్రీలలో ముట్లుడిగాక తగ్గుతారు గానీ మగవాళ్ళలో బాగా ముసలితనం దాకా తగ్గరనీ చర్మవైద్యురాలు చెప్పినప్పుడు, ఆ పెద్దలనూ మిమ్మల్నీ కలిపి తిట్టుకున్నాను.

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. రోజుకు ఐదుసార్లు సబ్బుతో రుద్దితే, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చర్మం మండి పొట్టు లేచింది, ఆ పొట్టు మీదికి మీరు యథావిధిగా వచ్చి కూర్చున్నారు. ఆవిరి పట్టి రంధ్రాలు తెరిచాననుకున్నాను. తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ వాటికి కండరాలే లేవట. ఇప్పుడు రోజుకు రెండుసార్లు మృదువైన క్లెన్సరు, నూనెలో కరిగి రంధ్రంలోకి దిగే 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం, ఆ తర్వాత జెల్ మాయిశ్చరైజరు. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజరేమిటని నేనూ ఎగతాళి చేసినవాణ్ణే. నూనె ఎక్కువగా ఉన్న చర్మానికి కూడా తేమ తక్కువ కావచ్చని తెలిశాక నోరు మూసుకున్నాను.

మిమ్మల్ని కుంచింపజేసే ఐసోట్రెటినాయిన్ అనే మందు ఉందని విని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అది తీవ్రమైన మొటిమలకు, రక్తపరీక్షలు చేయిస్తూ వాడవలసిన మందనీ, గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుందనీ, ఒక్క ఫోటో కోసం దాన్ని రాసివ్వననీ చర్మవైద్యురాలు తేల్చి చెప్పింది. ఆ లెక్కన మీరు బతికిపోయారు.

వచ్చే గురువారం ఉదయం పదకొండు గంటలకు మళ్ళీ ఫోటో ఉంది. ఆనాటి నూనె ఇప్పటికే లోపల తయారవుతూ ఉంటుందని తెలుసు కనుక, మానేయమని అడగడం లేదు. ఒక్క అరగంట ఆలస్యంగా దయచేయండి. ఈసారి రుమాలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ జిడ్డు మోస్తున్నవాడు