నీళ్ల కోసం ఆగే బండి

ఆర్‌వీ, అంటే లోపలే ఇల్లంతా అమర్చిన ప్రయాణపు బండి, కొనేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా ఊరించేది ఎవరి గడపా తొక్కనక్కర్లేదన్న ధీమా. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ వెంటే వస్తుంటే దారిలోని ఊరితో పనేముంటుంది? కరోనా రోజుల్లో అమెరికాలో ఈ ధీమాకు ఎంత గిరాకీ వచ్చిందంటే, 2021 ఒక్క ఏడాదే ఆరు లక్షల బళ్లు ఫ్యాక్టరీ గేటు దాటాయి. చిన్న ఊళ్ల చరిత్ర చూద్దామని, మనిషి అలికిడి లేని చోట నాలుగు రాత్రులు గడుపుదామని బయల్దేరినవాళ్లలో చాలామంది ఇంట్లో వండుకునేదే వండుకుని, ఇంట్లో చూసే టీవీయే చూసి తిరిగొస్తారు. ఇంటిని వెంట మోసుకుపోతే జరిగేది అదే మరి. నన్నడిగితే ఈ బండిలో మెచ్చుకోవలసింది దాని సౌకర్యాలకన్నా దాని లోటుపాట్లనే. ముఖ్యంగా నీళ్ల ట్యాంకును.

ఓ మోస్తరు బండిలో మంచినీళ్లు 150 లీటర్లు పడతాయి. ఇద్దరు పొదుపుగా వాడుకుంటే మూడు నాలుగు రోజులు. ఈలోపు వాడిన నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి ట్యాంకు నిండిపోతాయి. అప్పుడు ఎంతటి ఏకాంతప్రియులైనా ఓ ఊరు వెతుక్కోవలసిందే.

అమెరికా మధ్య మైదానాల్లో చాలా ఊళ్లు పుట్టిందీ ఇలాంటి దాహంతోనే. ఆవిరి ఇంజన్ కొన్ని మైళ్లకోసారి నీళ్లు తాగేది. అది ఆగిన చోట ఓ తొట్టి, ఓ స్టేషను, తర్వాత ఓ దుకాణం, ఓ బడి వెలిశాయి. నెబ్రాస్కాలో గ్రాండ్ ఐలండ్ నుంచి అలయన్స్ దాకా రెండో నంబరు రాష్ట్ర రహదారి మీద వెళితే ఇది కళ్లకు కడుతుంది. 1880లలో బర్లింగ్టన్ రైల్వే ఈ దారిన పట్టాలు పరుచుకుంటూ పోయింది, ఊళ్లకు పేర్లూ పెట్టుకుంటూ పోయింది. ఏ సముద్రానికీ దగ్గరలేని గడ్డి దిబ్బల మధ్య హయానిస్ అన్న బోర్డు కనిపిస్తుంది. అది మసాచుసెట్స్ తీరంలోని రేవు పేరు! పేరు పెట్టినవాడికి ఇంటి మీద బెంగ పుట్టిందేమో.

దక్షిణాన ప్లాట్ నది వెంట ఇంటర్‌స్టేట్ 80 రహదారి 1974లో నెబ్రాస్కా పొడవునా పూర్తయింది. దూరప్రయాణాల రద్దీ అటు మళ్లింది. రెండో నంబరు దారి తన మానాన తాను మిగిలింది. గాలికి ఊగిపోయే ముప్ఫై అడుగుల బండిని గంటకు 55 మైళ్లకు మించి తోలడం ఎలాగూ తెలివైన పని కాదు కనుక, ఆర్‌వీకి ఈ దారే నప్పుతుంది.

ఈ దారి చీల్చుకుపోయే శాండ్‌హిల్స్ దాదాపు 50,000 చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు. గడ్డి వేళ్లు పట్టి ఉంచాయి గనుక నిలిచాయి. ఎక్కడైనా గడ్డి లేచిపోతే గాలి అక్కడ గొయ్యి తవ్వేస్తుంది. అందుకే వీటిలో ఎక్కువ భాగం నాగలి చూడలేదు. పానీ, లకోటా తెగలవారు వేటాడిన ఈ నేలలో, వాళ్లను వెళ్లగొట్టాక, 160 ఎకరాల ఉచిత పట్టాతో బతకడం ఎవరివల్లా కాలేదు. 1904లో కిన్‌కైడ్ చట్టం దాన్ని 640 ఎకరాలు చేసింది. ఆ ఆశతో వచ్చిన నల్లజాతి కుటుంబాలు 1907లో ఈ దారిలోనే ఉన్న థెడ్‌ఫర్డ్‌కు ఉత్తరాన డెవిట్టీ అనే పల్లెను నిలబెట్టాయి. 1930లు సగం గడిచేసరికి అదీ ఖాళీ అయింది. ఇప్పుడక్కడ రోడ్డు పక్కన ఓ స్మారక ఫలకం ఉంది. చెట్టన్నది కరువైన ఈ నేలలోనే, హయానిస్‌కు దక్షిణాన ఉన్న ఆర్థర్‌లో 1928లో గడ్డిమోపులు పేర్చి, పైన గార పూసి ఓ చర్చి కట్టారు. గోడలు రెండడుగుల మందం. అది ఇప్పటికీ నిలిచే ఉంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ఊరు మాత్రం అలయన్స్‌కు కాస్త ఇవతలి ఆంటియోక్. ఇక్కడ వాన ఇసుకలోకి ఇంకి ఒగలాలా భూగర్భ జలాశయాన్ని చేరుతుంది. పల్లాల్లో ఆ నీరు పైకి తేలి చెరువులవుతుంది. పడమటి వైపు చెరువులు క్షారంతో తెల్లబారి ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ నుంచి పొటాష్ ఆగిపోయింది. దక్షిణ రాష్ట్రాల పత్తి చేలకు ఎరువు కావాలి. ఈ చెరువుల క్షారంలో పొటాష్ ఉంది. అంతే, ఎవరూ పట్టించుకోని చెరువులకు విలువ వచ్చింది. ఉప్పునీటిని గొట్టాలతో తోడి, రైలు పక్కన ఫ్యాక్టరీల్లో మరిగించారు. జనం దాదాపు రెండు వేలకు చేరారు. యుద్ధం ముగిసి ఐరోపా సరుకు చౌకగా దిగేసరికి 1921కల్లా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మిగిలినవి రోడ్డు మీదికే కనిపించే కాంక్రీటు దిమ్మెలు, పైకప్పు లేని గోడలు. చిన్న ఊళ్లు వాటంతటవే నెమ్మదిగా వాడిపోయాయని జాలిపడేవాళ్లు వీటి ముందు కాసేపు నిలబడాలి. ఆంటియోక్‌ను పెంచిందీ దూరపు మార్కెట్టే, ముంచిందీ అదే. ఊరు వయసు తీరి పోలేదు.

ఈ సంగతులు తెలిసేది ఆగినవాళ్లకే. ఈ మైదానాల్లో చాలా ఊళ్లు తమ పార్కులో ఆర్‌వీలను ఒకటి రెండు రాత్రులు ఉండనిస్తాయి. రుసుము వసూలుకు మనిషి ఉండడు. స్తంభానికి బిగించిన ఇనప డబ్బాలో తోచింది వేయాలి. వెయ్యకపోయినా అడిగేవాళ్లు లేరు, కానీ ఆ డబ్బులతోనే కుళాయి తిరుగుతుందని మరిచిపోవడం మర్యాద కాదు. మురుగు వదిలే చోట ఒక కుళాయి, మంచినీళ్లకు వేరే కుళాయి ఉంటాయి. మొదటిదాని మీద 'తాగరాదు' అని రాసి ఉంటుంది. కొత్తవాళ్లు తొందరలో గొట్టం దీనికే తగిలించబోతే, పక్కన గడ్డి కోస్తున్న పెద్దాయన యంత్రం ఆపి వచ్చి చెబుతాడు. ఊరి కథ సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

ట్యాంకు నిండడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో పట్టాల మీద వ్యోమింగ్ బొగ్గు రైలు ఒకటి వస్తుంది. మైలుకు పైగా పొడవు, నేల అదురుతుంది. డీజిల్ ఇంజన్ నీళ్ల కోసం ఆగక్కర్లేదు. కూత వేసి, ఊరు దాటి వెళ్లిపోతుంది.