రిటైరైన సీపీయూకి పునర్నియామక ఉత్తర్వులు

ఉద్యోగుల పదవీ విరమణ వయసును తెలంగాణ ప్రభుత్వం 2021లో 58 నుంచి 61 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో 60 నుంచి 62 ఏళ్లకు పెంచాయి. అనుభవజ్ఞుల సేవలు మరికొంతకాలం అందాలన్న ఈ ఉదాత్త భావన మనుషుల దగ్గరే ఆగిపోవడం, అవే గదుల్లో అవే ఫ్యాన్ల కింద వారితో సమానంగా కొలువు చేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్లకు వర్తించకపోవడం విచారకరం. అయిదారేళ్లు నిండితే చాలు, వాటిని లాట్లుగా కట్టి వేలం వేస్తున్నారు. అలా వేలంలో పోయినవి చేతులు మారి సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గరి కంప్యూటర్ల బజారు సీటీసీ దుకాణాల్లో బియ్యం బస్తాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పింఛను లేదు, వీడ్కోలు సభ లేదు, శాలువా అసలే లేదు. ఈ అన్యాయాన్ని నా శక్తి మేరకు సరిదిద్దాలని, వాటిలో ఒకదానిని గుమాస్తా హోదాలో కాక గేమింగ్ కంప్యూటర్ హోదాలో తిరిగి కొలువులోకి తీసుకోవాలని నేను నిర్ణయించాను. మా అబ్బాయి ఇంటర్మీడియట్‌లో చేరడానికీ ఈ నిర్ణయానికీ ఎలాంటి సంబంధమూ లేదని మొదటే స్పష్టం చేస్తున్నాను.

అభ్యర్థి సర్వీసు రికార్డు పరిశీలించాను. ప్రాసెసర్ నాలుగో తరం కోర్ ఐ5-4570, అంటే 2013 బ్యాచ్. కోర్లు నాలుగు. ర్యామ్ నాలుగు జీబీ, అదీ ఒకే స్టిక్. క్యాబినెట్ నుదుటిన మూడు కుంకుమ బొట్లు ఉన్నాయి. వాటి ముదురును బట్టి చూస్తే కనీసం ఆరు దసరాల ఆయుధపూజలు చూసిన అభ్యర్థి. పక్కన పాత సంస్థవారు అతికించిన నంబరు స్టిక్కరు ఉంది, దాన్ని గోటితో గీకబోయి వదిలేసిన గుర్తులూ ఉన్నాయి. దుకాణదారు దానిపై చెయ్యి వేసి, "బ్యాంక్ మాల్ సార్, లోపల చెయ్యి పడలే" అని హామీ ఇచ్చాడు. నమ్మాను, నమ్మడానికి కారణమూ ఉంది. పదేళ్ల సర్వీసులో దాని నాలుగు కోర్లకూ ఒకేసారి పని తగిలిన సందర్భం వైరస్ స్కానింగ్ తప్ప మరొకటి ఉండి ఉండదు. ఎక్సెల్ షీటు తెరవడం, ప్రింటు ఇవ్వడం, భోజన విరామంలో సాలిటేర్ పేకలు పరచడం మినహా దానికి కష్టం తెలియదు. మన దేశంలో ఇంత విశ్రాంతి పొందిన యంత్రం మరొకటి దొరకదు. కాబట్టి అది ముసలిదైంది కానీ అరిగిపోలేదు. ఈ తేడాను గుర్తించే శక్తి వేలం వేసేవారికి ఉండదు.

ఇంటి ఆర్థిక శాఖకు నేను సమర్పించిన బడ్జెట్ అంచనా 15,000 రూపాయలు: సీపీయూకి 7,500, ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డుకు 7,500. (మన ఇళ్లలో ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు, లోపలి చిప్పు ఒక్కటే సీపీయూ అని సరిదిద్దేవారికి మా ఇంట్లో రెండోసారి కాఫీ ఇవ్వరు.) ప్రయోజనం అన్న గడిలో "విద్యా సంబంధ అవసరాలు" అని రాశాను. ప్రతిపాదన చర్చ లేకుండానే ఆమోదం పొందింది. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనేవి మూడు వేర్వేరు సంగతులని శాసనసభ సమావేశాలు చూసే అలవాటున్న ఎవరికైనా తెలుసు. మా శ్రీమతికి ఆ అలవాటు లేదు.

ఇక అసలు చిక్కు విద్యుత్తు దగ్గర వచ్చింది. ఆఫీసు కంప్యూటర్ తయారుచేసేవారు దానిలో అవసరానికి మించిన ఒక్క వాటు కూడా పెట్టరు. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం నా అభ్యర్థిలో 255 వాట్లు. మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు కూర్చునే స్లాటుకు తనంతట తాను మంజూరు చేయగలిగే అధికారం 75 వాట్ల వరకే ఉంది. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఆరు పిన్నుల తీగ వచ్చి కార్డుకు తగలాలి. ఆఫీసు క్యాబినెట్‌లో ఆ తీగ ఉండదు. సెక్షన్ సూపరింటెండెంట్ చేతిలో చిల్లర ఖర్చుల పద్దు మాత్రమే ఉండి, దానికి మించిన ప్రతి ఫైలూ పై అధికారికి వెళ్లాల్సి వచ్చి, ఆ పై అధికారి కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఆఫీసు ఎలా నడుస్తుందో ఈ పెట్టె అచ్చం అలాగే నడుస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌నే మార్చేద్దామా అంటే అదీ కుదరదు. లోకమంతా మదర్‌బోర్డుకు 24 పిన్నుల కనెక్టరు వాడుతుంటే, ఈ పెద్ద కంపెనీలు చాలా మోడళ్లలో ఎనిమిదో ఆరో పిన్నులతో తమదంటూ ఒక కనెక్టరు పెట్టుకున్నాయి. ప్రతి శాఖకూ దాని సొంత దరఖాస్తు ఫారం ఉన్నట్టే అనుకోండి. కన్వర్టర్ తీగలు దొరుకుతాయి గానీ, వాటిని వాడటమంటే శాఖాంతర బదిలీ కోరడమే.

అందువల్ల 75 వాట్లలోపు జీతానికి ఒప్పుకునే కార్డులనే ఇంటర్వ్యూకి పిలిచాను. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650 రెండూ సరిగ్గా 75 వాట్ల శ్రేణివే. అయితే 1650లో ఆరు పిన్నుల తీగ కూడా కోరే రకాలున్నాయి కనుక పెట్టె మీది పేరు చూసి మోసపోకూడదు. 2022 నాటి ఆర్‌ఎక్స్ 6400 అయితే 53 వాట్లతో సరిపెట్టుకునే నిరాడంబరుడు. కానీ అతడు మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల మీదే, అంటే నాలుగు డేటా దారుల మీదే మాట్లాడతాడు. కొత్త తరం స్లాటులో ఆ నాలుగూ చాలు గానీ, మన పాత స్లాటులో మాట తడబడుతుంది. 2024 నాటి ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం 70 వాట్లకే వస్తుంది, వేతనం మాత్రం నా బడ్జెట్ మొత్తాన్నీ మించుతుంది.

ఈ నియామకాల్లో నకిలీ సర్టిఫికెట్ల బెడద కూడా తక్కువేమీ కాదు. ఎప్పటిదో పాత చిప్పుకు కొత్త బయాస్ (కార్డు తన పేరూ ఊరూ చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి, 1050 టీఐ అని పేరు మార్చి అమ్మే ఘనులు ఉన్నారు. పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, కార్డుల వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నకిలీ కార్డును పట్టిచ్చే ఏర్పాటు 2018లో ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. చట్టబద్ధమైన మాయ మరొకటి ఉంది. జీటీ 1030 అనే కార్డు మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. తరువాత అదే పేరుతో డీడీఆర్4 మెమరీ రకాన్నీ దింపారు. మొదటిదానికి సెకనుకు 48 జీబీ డేటా అందితే రెండోదానికి 17 జీబీ కూడా అందదు. పేరు, పెట్టె ఒకటే. పాలలో నీళ్లే వేరు. దుకాణంలో మాత్రం కొనేవాడు అడిగేదీ, అమ్మేవాడు చెప్పేదీ "ఎన్ని జీబీ" అన్నదొక్కటే. గ్రాఫిక్స్ కార్డును పాల ప్యాకెట్టులా పరిమాణాన్ని బట్టి కొనే ఈ సంప్రదాయం ఉన్నంతకాలం జీటీ 710 వంటి బలహీనమైన కార్డులకు గేమింగ్ కార్డులుగా గౌరవం దక్కుతూనే ఉంటుంది.

చివరికి ఒక సెకండ్ హ్యాండ్ 1650ని ఎంపిక చేసి ఇంటికి తెచ్చాను. అది క్యాబినెట్‌లో పట్టనంత ఎత్తుగా ఉందని ఇంటికి వచ్చాక తెలిసింది. నా అభ్యర్థిది సన్నని క్యాబినెట్. టేబుల్ మీద తక్కువ చోటు పడుతుందని ముచ్చటపడి నేనే ఎంచుకున్నాను. అందులో సగం ఎత్తు కార్డులే పడతాయి. మూత తీసేసి, కార్డు సగం బయటికి కనిపించేలా ఉంచవచ్చని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది కారు టాపు మీద మంచం కట్టుకుని ఊరేగడంలాంటిదని తిరస్కరించాను. మరుసటి రోజు అదనంగా 2,700 చెల్లించి సగం ఎత్తు కార్డుతో మార్చుకున్నాను. దీనిని సవరించిన అంచనాల కింద చూపాను.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పను. రెండో స్టిక్ పెట్టగానే డీడీఆర్3 మెమరీ వేగం సెకనుకు 12.8 జీబీ నుంచి 25.6 జీబీకి పెరుగుతుంది; ఒక్క ఎద్దుతో దున్నుతున్న కాడికి రెండో ఎద్దును కట్టినట్టే. పాత హార్డ్ డిస్కు బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయగానే కంప్యూటర్ ఆన్ చేసి స్నానానికి వెళ్లే ఆచారం మా ఇంట్లో అంతరించింది. ప్రాసెసర్ వేడిని పైకి లాగే పాత థర్మల్ పేస్ట్ తీసినప్పుడు అది ఎండిపోయిన విభూతిలా రాలింది. పెయింట్ బ్రష్షుతో దులిపిన దుమ్ములో ఒక స్టేపుల్ పిన్ను, ఒక బొద్దింక భౌతికకాయం లభించాయి.

అన్నీ బిగించి మూత వేసి ఆన్ చేస్తే కంప్యూటర్ తెర మీద ఒక నోటీసు ఇచ్చింది. తన మూత ఇంతకుముందు తీయబడిందనీ, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కాలనీ దాని సారాంశం. ఆఫీసు యంత్రాల్లో, సిబ్బంది ర్యామ్ పట్టుకుపోకుండా, మూత తెరిస్తే గుర్తుపట్టే చిన్న స్విచ్చు ఉంటుంది. పదేళ్లు నమ్మకంగా కొలువు చేసిన ఉద్యోగి కొత్త యజమాని మీద మొదటి రోజే ఫిర్యాదు నమోదు చేసిందన్నమాట. కార్డుకు చోటు చాలక లోపలి ఫ్యాను ఒకటి పక్కకు జరిపి వేరే ఫ్యాను పెట్టాను. దాంతో ఫ్యాను విఫలమైందని రెండో నోటీసు వచ్చింది. తిరుగుతున్న ఫ్యాను కళ్లెదుటే ఉన్నా, తన రికార్డులో నమోదైన ఫ్యాను కాదు గనుక అది ఫ్యానే కాదని దాని వాదన. బతికున్న పింఛనుదారును ఏటా జీవన ప్రమాణ పత్రం అడిగే వ్యవస్థలో పెరిగిన యంత్రం కదా, తప్పుపట్టలేను. మొదటి నోటీసును కంప్యూటర్ బయాస్‌లోకి, అంటే దాని మూల సెట్టింగుల్లోకి వెళ్లి మూసివేయించాను. రెండోది ఇప్పటికీ పెండింగులో ఉంది. రోజూ ఎఫ్1 నొక్కి దాని అభ్యంతరాన్ని స్వీకరించినట్టు సంతకం చేస్తున్నాం.

ఈ లోపు పదవీ విరమణ వయసు విషయంలో మైక్రోసాఫ్ట్ సంస్థ మన రెండు రాష్ట్రాల కంటే కఠినంగా ఉందని తేలింది. విండోస్ 11కి ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ నుంచే అర్హత, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. నాలుగో తరానికి చెందిన నా అభ్యర్థి ఎటూ కాకుండా పోయాడు. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించవచ్చు గానీ, పునర్నియామకమే దొడ్డిదారి అయినప్పుడు దానిలో మరో దొడ్డిదారి తవ్వడం మర్యాద కాదనిపించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే దుబాసీని వాల్వ్ సంస్థ 2018లో తెచ్చింది. అది చాలా ఆటలకు చక్కగా పనిచేస్తుంది.

ప్రదర్శన రోజున ఇంటిల్లిపాదినీ పిలిచాను. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5ని ఎంచుకున్నాను. ఆ ఆట నోటిఫికేషన్‌లో సిఫారసు చేసిన అర్హత మూడో తరం ఐ5-3470. మనది నాలుగో తరం కాబట్టి అర్హత కంటే ఒక మెట్టు పైనే. నిజం చెప్పాలంటే ముసలి యంత్రం అద్భుతంగా ఆడింది. 1080పీలో, ఒక మోస్తరు సెట్టింగుల మీద, సెకనుకు అరవై ఫ్రేములకు అటూ ఇటూగా నిలబడింది. నా కళ్లు చెమర్చాయి. మా అబ్బాయి అయిదు నిమిషాలు చూసి, "బాగుంది నాన్నా, వాలరెంట్ ఎక్కించు, మా వాళ్లందరూ అదే ఆడతారు" అన్నాడు. వాలరెంట్‌కు, ఆటలో మోసం చేసేవారిని పట్టే వ్యాన్‌గార్డ్ అనే కావలివాడు ఉన్నాడు. అతడు లినక్స్ వారిని గడప తొక్కనివ్వడు, విండోస్ 11 వారిని టీపీఎం 2.0 చూపమంటాడు. ఈ విధాన పరమైన ఇబ్బందిని ఇరవై నిమిషాల పాటు వివరించాను. అబ్బాయి శ్రద్ధగా విని, సోఫాలో కూర్చుని ఫోన్‌లో బీజీఎంఐ అనే ఆట ఆడుకున్నాడు.

వాస్తవ వ్యయం ఇలా తేలింది. సీపీయూకి 7,500, గ్రాఫిక్స్ కార్డుకు ముందు అనుకున్న 7,500, దాని ఎత్తు తగ్గించినందుకు 2,700, ఎస్‌ఎస్‌డీకి 1,800, ర్యామ్‌కు 1,000, థర్మల్ పేస్ట్, ఫ్యాను కలిపి 650, పాత మానిటర్‌కు వీజీఏ అనే పాతరకం కనెక్షన్ ఒక్కటే ఉండగా కొత్త కార్డుకు వీజీఏ లేనందున కన్వర్టర్‌కు 450, మూడుసార్లు సీటీసీకి వెళ్లిన ఆటో ఛార్జీలు, సలహాదారు మిత్రుడి బిర్యానీ కలిపి 1,900. మొత్తం 23,500. అంచనాకు మించిన 8,500ను అనుబంధ పద్దుల కింద సమర్పించగా, ఆర్థిక శాఖ వారు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "బిర్యానీ ఏ విద్యకు సంబంధించిందండీ?" అని ఒకే ఒక ప్రశ్న వేశారు. సమాధానం సిద్ధమవుతోంది. కన్వర్టర్ మీద పాత మానిటర్ మసకగా కనిపిస్తున్నందున కొత్త మానిటర్ కావాలన్న నా తదుపరి ప్రతిపాదన ఆ సమాధానం అందాకే పరిశీలనకు వస్తుందట.

అంతవరకు యంత్రం ఖాళీగా ఉండకూడదని మా శ్రీమతి రోజూ సాయంత్రం తన చీటీల లెక్కలు, ఎక్సెల్ లాంటి లిబ్రే ఆఫీస్‌లో దాని మీదే రాసుకుంటోంది. షీటు రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఆ గంటసేపూ గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను కిమ్మనదు, క్యాబినెట్ వేడెక్కదు. మొన్న దసరాకు ఆమె పాత బొట్ల పక్కనే నాలుగో బొట్టు పెట్టింది.