జైలు గేటు దాటే పూటకి మందు చేతికి అందాలి

అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికెయిడ్. 1965లో ఆ చట్టం రాసినప్పుడే ఒక మెలిక పెట్టారు. జైల్లో ఉన్న మనిషి వైద్యానికి ఫెడరల్ సొమ్ము రాదు. బయటి ఆసుపత్రిలో 24 గంటలు మించి చేర్చుకుంటేనే మినహాయింపు. శిక్ష పడినవాడా, బెయిల్ కట్టలేక ఆగిపోయినవాడా అన్న తేడా కూడా లేదు. కౌంటీ (మన జిల్లా లాంటి స్థానిక పాలనా విభాగం) జైళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. నిన్నటిదాకా స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు మాత్రలు బీమా మీద తెచ్చుకున్న మనిషి లోపలికి వెళ్లగానే కౌంటీ ఖర్చులోకి వస్తాడు. ఖైదీల తీవ్రమైన జబ్బును తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి వైద్యం తప్పదు. ఆ ఖర్చు మాత్రం స్థానిక పన్నుల్లోంచే.

2023 జనవరిలో ఆ మెలిక నుంచి కాలిఫోర్నియాకు తొలి సడలింపు దొరికింది. విడుదలకు ముందు 90 రోజుల వరకు మెడికెయిడ్ చెల్లిస్తుంది. అదే ఏప్రిల్‌లో వచ్చిన ఫెడరల్ మార్గదర్శకాలు కనీసం మూడు సేవలు ఉండాలన్నాయి: ఖైదీ అవసరాలు చూసి బయటి సేవలతో కలిపే కేస్ మేనేజర్, వ్యసనానికి మందులతో పాటు కౌన్సెలింగ్, బయటికి వెళ్లేటప్పుడు 30 రోజుల మందులు. మెడికెయిడ్‌ను మరింత మంది పెద్దలకు విస్తరించిన రాష్ట్రాల్లో, ఆ విస్తరణ కింద చేరిన పెద్దల ఖర్చులో 90 శాతం కేంద్రానిదే.

ఇక్కడే జాగ్రత్తపడాలి. ఇప్పటిదాకా కౌంటీ పెడుతున్న ఖర్చు కేంద్రం మీదికి మారిపోయి, మిగిలిన సొమ్ము వేరే పద్దుకు వెళ్లిపోతే ఖైదీకి ఒరిగేదేమీ లేదు. అందుకే ఆ మిగులును తిరిగి ఇదే పనికి పెట్టాలని షరతు ఉంది. ఆ లెక్కను కౌంటీ బోర్డు ఏటా బహిరంగంగా చూపించాలి. అది లేనిచోట అదనపు నిధి అనే మాటకు అర్థం లేదు.

రెండో చిక్కు కాలానిది. 90 రోజులు వెనక్కి లెక్కపెట్టాలంటే విడుదల తేదీ తెలియాలి. విచారణ ఖైదీకి తేదీ ఎక్కడిది? పొద్దున కోర్టుకెళ్లినవాడికి సాయంత్రం బెయిల్ వస్తుంది. కాగితాలు పూర్తయ్యి గేటు తెరిచేసరికి అర్ధరాత్రి అవుతుంది. చేతిలో ప్రిస్క్రిప్షన్ ఉంటుంది, ఫార్మసీ మూసేసి ఉంటుంది, జైల్లో ఉండగా ఆగిన బీమా ఇంకా తెరుచుకోదు. కాబట్టి స్క్రీనింగ్, బీమా వివరాలు, మందుల జాబితా లోపలికి వచ్చిన రోజే పూర్తి చేయాలి. మందుల సంచి ముందే కట్టి, ఓవర్‌డోస్‌కు విరుగుడైన నాలోక్సోన్‌తో సహా, బట్టలూ పర్సూ తిరిగిచ్చే కౌంటర్ దగ్గరే ఉంచాలి. వాషింగ్టన్ రాష్ట్ర కారాగారాల నుంచి విడుదలైనవారిపై 2007లో వచ్చిన అధ్యయనంలో, తొలి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణ ముప్పు సాధారణ జనం కంటే 129 రెట్లు. లోపలున్నన్నాళ్లూ మత్తుమందును శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటారు.

మందు ధర ఒక్కటే లెక్క కాదు. ఓపియాయిడ్ (నల్లమందు తరహా మత్తుమందు) వ్యసనానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ నాలుక కింద కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. దాచుకుని అమ్ముకోకుండా నర్సు, గార్డు అంతసేపూ నిలబడి చూడాలి. ఇరవై మంది వరుసలో ఉంటే ఒక షిఫ్టులో పెద్ద భాగం దానికే పోతుంది. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌తో ఆ కాపలా తప్పుతుంది గానీ, డోసు ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. బిల్లు పెట్టాలంటే జైలు ముందుగా మెడికెయిడ్ ప్రొవైడర్‌గా నమోదు కావాలి. జైల్లో వైద్యం చూడటానికి తలకింత అని కాంట్రాక్టు తీసుకున్న సంస్థకు ఒక్కో సేవకు క్లెయిమ్ రాసే అలవాటే లేదు. చిన్న కౌంటీలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఓపియాయిడ్ మందుల కంపెనీలు కేసుల్లో చెల్లించిన పరిహార నిధిని ఈ మొదటి మెట్టుకు, అంటే బిల్లింగ్ గుమాస్తా జీతానికి, సాఫ్ట్‌వేర్‌కు, మెడికెయిడ్‌కు అర్హత లేనివారి మందులకు వాడటం సబబు.

ఫలితం కళ్లెదుటే ఉంది. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో ఓపియాయిడ్ వ్యసనానికి వాడే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ మూడూ జైల్లోనే ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదికల్లా, ఇటీవలే విడుదలైనవారిలో ఓవర్‌డోస్ మరణాలు 61 శాతం తగ్గాయి. అక్కడ చికిత్స లోపలితో ఆగలేదు. విడుదలయ్యాక ఏ క్లినిక్‌లో కొనసాగించాలో ముందే ఏర్పాటు చేశారు.