22 నిమిషాల ట్రెజరర్

పోయిన శనివారం రాత్రి నేను ఒక లైబీరియా మిషన్ స్కూలు ఓల్డ్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కి ట్రెజరర్‌గా ప్రమాణం చేసేశా. ఆ స్కూల్లో నేను చదవలేదు. అసలు లైబీరియా ఆఫ్రికాలో ఎటువైపుందో కూడా మొన్నటిదాకా మ్యాపులో చూపించలేను.

నాది గుంటూరు, ఉండేది మిన్నెసోటాలో బ్రూక్లిన్ పార్క్. మా చుట్టుపక్కల లైబీరియా వాళ్ళు బాగా ఎక్కువ, 1989 నుంచి 2003 దాకా అక్కడ రెండు యుద్ధాలు జరిగాయి కదా అప్పుడొచ్చినవాళ్ళు కొందరు, వాళ్ళ వెనకాల వచ్చిన చుట్టాలు కొందరు. నేను కంప్యూటర్లు చూసే నర్సింగ్ హోంలో ఒక సీనియర్ నర్సు ఉంది, అందరూ ఆవిణ్ణి ఓల్డ్ మా అంటారు, మనం పెద్దమ్మా అన్నట్టు. "మా స్కూలు ఓల్డ్ స్టూడెంట్స్ కొత్త కమిటీ ఇన్‌స్టలేషన్ ఉంది, అదే ప్రమాణస్వీకారం, మైకూ ప్రొజెక్టరూ చూసిపెట్టు నాయనా, భోజనం మాది" అంది. భోజనం అనగానే మా ఆవిణ్ణి కూడా బయల్దేరదీశా.

కార్డు మీద 6 గంటలకి అని వేసి పక్కన 'షార్ప్' అని కూడా వేశారు. 5:50కి వెళ్తే హాలుకి తాళం. ఇన్నేళ్ళు మన ఉగాది ఫంక్షన్లకి వెళ్ళి కూడా షార్ప్ అనే మాటని నమ్మానంటే తప్పు నాదే. ఏడింటికి ఓల్డ్ మా వచ్చింది, కుర్చీలు మేమే వేశాం, మా ఆవిడ పట్టుచీరలో బెలూన్లు ఊదింది. కుర్చీలు వేస్తూ మాటల్లో తెలిసిందేంటంటే వాళ్ళ స్కూలూ లూథరన్ అనే క్రైస్తవ శాఖ మిషన్‌దే, నేను చదివిందీ లూథరన్ మిషన్ స్కూలే. అమెరికా లూథరన్లు 1842లో హేయర్ దొరని గుంటూరు పంపారు, ఆయన మధ్యలో ఈ మిన్నెసోటాకి కూడా వచ్చి చర్చిలు పెట్టాడు, 1860లో ఇంకో దొర లైబీరియాలో సెయింట్ పాల్ నది దగ్గర మిషన్ మొదలుపెట్టాడు. "అయితే మనం చుట్టాలమే" అని ఓల్డ్ మా చెయ్యి చాపింది. వాళ్ళ షేక్‌హ్యాండ్ మామూలుది కాదు, వదిలేటప్పుడు ఇద్దరి నడిమివేళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని టక్ మని చిటిక పడాలి. నాకు పడలేదు. నాలుగుసార్లు ట్రై చేస్తే ఆవిడ ఉంగరం ఊడొచ్చింది.

తర్వాత ప్రొజెక్టర్ పెట్టి వాళ్ళిచ్చిన పెన్‌డ్రైవ్‌లో జెండా ఫైలు తెరిస్తే అమెరికా జెండాలో నక్షత్రాలన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలుంది. ఫైలు కరప్ట్ అయినట్టుంది అనుకుని, ఎవరూ అడక్కుండానే, గూగుల్లోంచి 50 నక్షత్రాలున్న మంచి జెండా దించి స్క్రీన్ మీద వేశా. ఓల్డ్ మా కెవ్వుమంది. అదే వాళ్ళ జెండా అంట, 1847లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టిన 11 మందికి 11 గీతలు, నక్షత్రం ఒక్కటే. నేను 13 గీతల మీద 50 నక్షత్రాలు పోశా. జనం ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయా.

ఎనిమిదిన్నరకి హాలు నిండింది. ఆకలికి ఆగలేక వంటింట్లోకి తొంగిచూస్తే టమాటాతో వండే జొలోఫ్ రైసు, పక్కన ముద్దగా ఉడికించిన ఆకుకూర, అచ్చం గోంగూరలా ఉంది. కాదంట, కర్రపెండలం ఆకు, పామాయిల్ వేసి వండుతారంట. మనం ఆ దుంపతో సగ్గుబియ్యం చేసుకుని ఆకు వదిలేస్తాం, వీళ్ళు ఆకు కూడా వదలరు. వడ్డించే ఆంటీ "పెప్పర్ సాస్ జాగ్రత్త బాబూ" అంది. "మాది గుంటూరండీ" అన్నా. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. అది హబనేరో మిరపకాయ, మన మిరపకాయల్ని మించిన ఘాటు. చెవుల్లోంచి వేడి వచ్చింది, కళ్ళల్లోంచి ధారలు.

సరిగ్గా అప్పుడే మైకు కీచుమంది. నేను ఏడుస్తూనే స్టేజీ ఎక్కి వైరు సరిచేసి లేచి చూసుకుంటే కొత్త కమిటీ లైన్లో సెక్రటరీకీ, ప్రార్థనలు చేయించే చాప్లిన్‌కీ మధ్య ఉన్నా. అసలు ట్రెజరర్ డబుల్ షిఫ్టులో ఇరుక్కుని రాలేదు, ఆ ఖాళీలో నేను. పాస్టర్ గారు మైకులో కుడిచేతులు ఎత్తమన్నారు. సౌండ్ బాగుందా అని అడుగుతున్నాడేమో అనుకుని, అసలే చెవులు గుయ్యిమంటున్నాయి, నేనూ చెయ్యెత్తా. అందరూ ఏదో అంటుంటే నేనూ అన్నా. మెడలో రిబ్బన్ పడింది. ముందు వరసలో ఎవరో "చూడండి, ట్రెజరర్ ఏడుస్తున్నాడు, పదవి మీద ఎంత భక్తో" అన్నారు, అంతే, జనం పైకొచ్చి మెచ్చుకోలుగా నుదుటి మీద డాలర్ నోట్లు అంటించడం, జేబులో కుక్కడం. మా ఆవిడ మాత్రం ఫోన్లో వీడియో తీసుకుంటోంది, లేచొచ్చి ఆపొచ్చు కదా!

22 నిమిషాలకి అసలు ట్రెజరర్ వచ్చాడు, నర్సు డ్రెస్సు మీద కోటుతో. రిబ్బన్ తీసి ఇచ్చేస్తే పోయేదానికి, ఒక పెద్దాయన లేచి పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్నాడు, అంటే ఇది రూల్ ప్రకారం కాదని అభ్యంతరం. దేవుడి ముందు ప్రమాణం చేసినవాణ్ణి ఊరికే దింపకూడదంట. అసోసియేషన్ రూల్స్ పుస్తకం, అదే బైలాస్, తెప్పించారు, ఎనిమిదో పేజీ ఒకరు చదివితే పన్నెండో పేజీ ఇంకొకరు చదివారు, అరగంట చర్చ, అన్నం చల్లారిపోతోంది. చివరికి నేను పేపర్ నాప్‌కిన్ మీద రాజీనామా రాసిచ్చా. విచారంతో ఆమోదించారు. నా సేవలకి చప్పట్లు కూడా కొట్టించారు.

అయిపోయిందనుకున్నా. సోమవారం పొద్దున్నే ఓల్డ్ మా నా డెస్క్ దగ్గరికి వచ్చి "మాజీ ట్రెజరర్ లెక్కలు అప్పజెప్పాలి కదా నాయనా, 37 డాలర్లు వచ్చినట్టు మీటింగ్ మినిట్స్ పుస్తకంలో రాశారు" అంది. జేబులు తడిమితే 36 ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే, "ఆ ఒక్కటా? నీ నుదుటికే అంటుకుని ఉంటే నిన్న పీకి కార్ వాష్ మిషన్లో వేశా, ఏందిప్పుడు" అంది మా ఆవిడ.