డబుల్సే కదా!

మహిళా దినోత్సవానికి మా కాలనీ సంఘం ఒక ఫ్లెక్సీ వేయించాలనుకుంది. పై వరసలో నలుగురు నాయకులు, కింద సంఘం కార్యవర్గం, అందరూ మగవాళ్లే. మధ్యలో మిగిలిన అరచెయ్యంత జాగాలో ఎవరైనా ఆడమనిషి ఫోటో పెడితే సందర్భానికి న్యాయం జరుగుతుందని కార్యదర్శి గారికి తోచింది. ఎవరో కుర్రాడు టెన్నిస్ తార సానియా మీర్జా పేరు చెప్పాడు. చర్చంతా విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర, ఉదయపు నడక అయ్యాక జరిగింది. రిటైర్డ్ ఇంజినీరు గారొకరు రాగిజావ ఊదుకుంటూ తీర్పు ఇచ్చేశారు.

"ఏటండీ ఆవిడ గెల్చింది? డబుల్సే కదా!"

అంతే, ప్రతిపాదన వీగిపోయింది. చివరికి ఆ జాగాలో నెత్తిన కుండ పెట్టుకుని నవ్వుతున్న ఒక పేరులేని మహిళ బొమ్మ వేశారు. ఆవిడకి సింగిల్స్ టైటిళ్లు ఎన్నున్నాయో ఎవరూ అడగలేదు.

ఇంజినీరు గారి లెక్కను మనం తేలిగ్గా తీసుకోకూడదు. లెక్కలు ఆయన వృత్తి. సానియా గ్రాండ్‌స్లామ్‌లు, అంటే టెన్నిస్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీల టైటిళ్లు, ఆరు. అందులో మహిళల డబుల్స్ మూడు: 2015లో వింబుల్డన్, అమెరికన్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. మూడూ మార్టినా హింగిస్‌తో కలిసి గెలిచినవే. ఇద్దరు ఆడారు కనుక ఈవిడ వాటా సగం, అంటే ఒకటిన్నర. మిగతా మూడూ మిక్స్‌డ్. 2009లో ఆస్ట్రేలియాలో, 2012లో ఫ్రాన్స్‌లో పక్కన మహేశ్ భూపతి ఉన్నాడు, 2014లో అమెరికాలో బ్రూనో సోరెస్ ఉన్నాడు. పక్కన మగవాడు ఉన్నప్పుడు బరువంతా ఆయనే మోస్తాడన్నది బీచ్ రోడ్డు మీద అందరికీ తెలిసిన విషయం. కాబట్టి తలా ఒక పావు. ముప్పావు. మొత్తం కలిపితే రెండుంబావు గ్రాండ్‌స్లామ్‌లు. ఆ ఫ్లెక్సీ మీద రెండుంబావు ఎలా అచ్చు వేస్తారు చెప్పండి?

ఇదే సూత్రం క్రికెట్‌కి కూడా వర్తిస్తుందా అని అడిగే తుంటరులు ఉంటారు. వర్తించదు. 2005 ఏప్రిల్‌లో ధోనీ మన మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. జట్టులో పదకొండు మంది ఉన్నారు కదా, ఆ విజయంలో ఆయన వాటా పదకొండో వంతేనని ఇంజినీరు గారి ముందు అని చూడండి. జావ గ్లాసు మీ మీద పడుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో ఏ బంతి ఏ స్టాండులోకి వెళ్లిందో ఆయన ఇప్పటికీ చెయ్యి చాచి చూపిస్తారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, ఇదే ఉమ్మడి రాష్ట్రంలో, పద్దెనిమిదేళ్ల సానియా హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకుముందు ఏ భారతీయ మహిళా గెలవనిది. ఆయనకు ఎంతో ఇష్టమైన సింగిల్సే అది. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. ఆ రోజుల్లో ఊళ్లో కరెంటు లేదేమో.

భూపతి సంగతి ఇంకా బాగుంటుంది. 1997లో ఆయన ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచినప్పుడు, గ్రాండ్‌స్లామ్ నెగ్గిన తొలి భారతీయుడని పోటీ పరీక్షల పుస్తకాల్లో వేశారు, మనం బట్టీ పట్టాం. ఆ టైటిల్‌లో జపాన్ అమ్మాయి రికా హిరాకీ వాటా ఎంతో తీసేయమని ఒక్క అభ్యర్థి కూడా కోర్టుకు వెళ్లలేదు.

ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు తీర్పులిస్తుంటే అరాచకం ప్రబలుతుంది కాబట్టి, ఛాంపియన్ ధ్రువీకరణ పత్రాలు ఇకమీదట ప్రభుత్వమే జారీ చేయాలని నా మనవి. కౌంటరు బీచ్ రోడ్డులోనే పెట్టొచ్చు. ఇంజినీరు గారిని గౌరవ పరిశీలనాధికారిగా కూర్చోబెట్టొచ్చు. సానియా ఫైలు పట్టుకుని వరసలో నిలబడుతుంది.

"పుట్టిన ఊరు?"

"ముంబై."

"పెరిగింది?"

"హైదరాబాద్."

"ఇక్కడే చిక్కొచ్చిందమ్మా. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలు చూశాం, పదో షెడ్యూలు చూశాం, మీ పేరెక్కడా లేదు. 2014 జూన్ 2కి ముందు గెలిచిన కప్పుల్ని రెండు రాష్ట్రాల మధ్య 58:42 చొప్పున పంచాలి. కప్పులు కోయించి తెచ్చారా?"

"లేదండీ."

"సరే, పక్కన పెడదాం. కోచ్ పేరు?"

"మా నాన్నే. ఇమ్రాన్ మీర్జా."

"అయితే వారసత్వ ఆస్తి కిందికి వస్తుంది. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాలి. ఇదేంటి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, 91 వారాలా? వారాల్లో రాయకూడదమ్మా, ఆర్థిక సంవత్సరాల్లో రాయాలి. వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారా? మధ్యలో అభ్యంతరాలు స్వీకరించడానికి గడువివ్వలేదన్నమాట. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ జిరాక్సు జత చేయలేదే?"

"సింగిల్స్‌లో అమెరికన్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లానండీ, 2005లో."

"ఆపిందెవరు?"

"షరపోవా."

"ఆవిడ దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాల్సింది. మీ సాక్షి ఎవరు? హింగిస్ గారా? ఆవిడకి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు ఐదున్నాయే! మీతో అన్నాళ్లు ఆడారు, ఒకటి మీ పేరిట రాసివ్వొచ్చు కదా?"

"అలా రాసివ్వరండీ."

"మా దగ్గర భూములే రాసిచ్చేస్తారు. సరే, భర్త పేరు... ఆఁ! దీనికి వేరే కౌంటరు. సోమవారం రండి. ఆ స్కర్టుతో రాకండి."

నవ్వుకున్నారా? ఆ భర్త మాటా, స్కర్టు మాటా నేను కల్పించినవి కావు. 2005లో, సింగిల్స్‌లో ఆవిడ పేరు ప్రపంచమంతా మారుమోగుతున్నప్పుడు, మన దేశంలో మతపెద్దలు ఆవిడ స్కర్టు పొడవు మీద చర్చ పెట్టారు. ఆ మార్చిలోనే దుబాయ్‌లో కుజ్నెత్సోవాని ఓడించింది. కుజ్నెత్సోవా అంటే అప్పటికి అమెరికన్ ఓపెన్ ఛాంపియన్. ఆ ఫోర్‌హ్యాండ్ గురించి ఎంతమంది మాట్లాడారు? 2008లో, కాళ్లు జెండా వైపు ఉన్నాయని ఒక ఫోటో పట్టుకుని కేసు పెట్టారు. గొడవలతో విసిగిపోయి ఆ ఏడాది బెంగళూరు టోర్నీలో ఆడనంది. సొంత దేశంలో జరిగే టోర్నీ అది. 2014లో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌గా నియమిస్తే, భర్త పాకిస్తాన్ క్రికెటర్ కాబట్టి, పాకిస్తాన్ కోడలికి ఆ పదవేంటని ఒక రాజకీయ నాయకుడు అడిగాడు. అప్పటికి ఆవిడ దేశం జెర్సీ వేసుకుని ఎన్ని పతకాలు తెచ్చిందో ఆయన లెక్కపెట్టలేదు. ఆ కొద్ది నెలలకే ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన తెలుగువాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం తెచ్చింది. కోడలు ఏ దేశానికి తెచ్చిందో పతకాల పట్టికలో చూసుకోవచ్చు.

2012 లండన్ ఒలింపిక్స్ ముందు మగ ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడబోమని పంతాలు పట్టారు. భూపతితో ఆవిడ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి నెలైనా కాలేదు. ఆ జోడీని పక్కన పెట్టి, అలిగిన లియాండర్ పేస్‌ని బుజ్జగించడానికి ఈవిడని ఆయనకు జోడీగా ప్రకటించారు. తనను ఎరగా వాడారని ఆవిడే ప్రకటన ఇచ్చింది. మగాళ్ల అలక తీర్చడానికి ఒక గ్రాండ్‌స్లామ్ విజేతని తాంబూలంలో పెట్టి ఇచ్చిన దేశం మనది.

ఇక సింగిల్స్. ఇంజినీరు గారూ, ఇది మీ కోసం. 2007 ఆగస్టులో ఆవిడ సింగిల్స్ ర్యాంకు 27. ప్రపంచంలో. ఎంసెట్‌లో రాష్ట్రం మొత్తం మీద 27 వస్తే ఆ పిల్లాడి మొహం ద్వారకానగర్‌లో మూడంతస్తుల ఎత్తున వేలాడదీస్తారు, మీరు కిందనుంచి తలెత్తి చూసి మీ మనవడిని తిడతారు. ప్రపంచ ర్యాంకు 27కి మాత్రం మీ పెదవి విరుపు. ఆ తర్వాత మోకాళ్లకి ఆపరేషన్లు, మణికట్టుకి ఆపరేషన్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి మ్యాచ్ మధ్యలోనే మణికట్టు నొప్పితో వైదొలగాల్సి వచ్చింది. ఆటకు పెట్టుబడే ఆ చెయ్యి! 2013లో సింగిల్స్ వదిలేసింది. డబుల్స్ సుఖంగా ఉంటుందని కాదు, ఒళ్లు ఇక సహకరించదని. అలాంటి చేత్తో 2015 ఏప్రిల్ 13న ప్రపంచ నంబర్ వన్ అయింది. మీకు నడుం పట్టేస్తే వారం రోజులు వాకింగ్ మానేసి, ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా పెడతారు. మణికట్టు కోయించుకుని ప్రపంచాన్ని గెలిచిన మనిషిని పట్టుకుని డబుల్సే కదా అంటారా? నోరెలా వస్తుందండీ?

అంత శిఖరం మీద ఉన్నప్పుడు కూడా, 2016లో, ఒక పేరున్న జర్నలిస్టు టీవీలో ఆవిడని జీవితంలో స్థిరపడేది ఎప్పుడు, తల్లి అయ్యేది ఎప్పుడు అని అడిగాడు. నంబర్ వన్‌గా ఉండగా! ఆవిడ అక్కడికక్కడే నిలదీస్తే క్షమాపణ చెప్పాడు, అది వేరే సంగతి. మరి 2018లో తల్లి అయ్యాక? ఇక అయిపోయిందన్నారు. 2020 జనవరిలో హోబర్ట్‌లో తిరిగి కోర్టులో దిగి, ఆ మొదటి టోర్నీలోనే నాదియా కిచెనోక్‌తో కలిసి కప్పు ఎత్తింది. ఆ వార్తకి మన వాకింగ్ గ్రూపులో వచ్చిన స్పందన ఏమిటో నేను చెప్పక్కర్లేదు, రెండు మాటలే.

ఓటములు లేవా? ఎందుకు లేవు. రియో ఒలింపిక్స్‌లో రోహన్ బోపన్నతో కలిసి కాంస్యం కోసం ఆడిన మ్యాచ్ ఓడిపోయింది, ఒలింపిక్ పతకం ఆమె చేతికి రానే లేదు. 2023లో మెల్‌బోర్న్‌లో చివరి గ్రాండ్‌స్లామ్, అదే బోపన్నతో ఫైనల్ దాకా వచ్చి ఓడింది. ముప్పై ఆరేళ్ల వయసులో ఫైనల్. వీటిని ఇంజినీరు గారు తేదీలతో సహా చెబుతారు. గెలుపులు గుర్తుండని బుర్రకి ఓటములు ఎంత బాగా అతుక్కుంటాయో వైద్యులెవరైనా పరిశీలించాలి.

ఇది సానియాతో మొదలైన జబ్బు కాదు. మన ఉత్తరాంధ్రలోనే, ఆమదాలవలస పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో భారతీయ మహిళ తెచ్చిన మొట్టమొదటి పతకం అది. కాంస్యమే కదా అన్నవాళ్లని నా చెవులతో విన్నాను. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి. సెక్యూరిటీ గార్డు కూతురు. 100 మీటర్ల హర్డిల్స్‌లో 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ, 2023లో, 2025లో ఆసియా ఛాంపియన్. ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లిన భారతీయ మహిళ అంతకుముందు ఒక్కరూ లేరు. పారిస్‌లో సెమీస్‌కి చేరలేదని మర్నాడే ఇదే రోడ్డు మీద పెదవి విరిచారు. విరిచినాయన అడుగున్నర ఎత్తు ఫుట్‌పాత్ ఎక్కడానికి నా భుజం పట్టుకున్నాడు.

సాయంత్రం ఎప్పుడైనా ఈ ఊళ్లో టెన్నిస్ కోర్టుల దగ్గర నిలబడండి. ఎనిమిది, పదేళ్ల ఆడపిల్లలు చాలామందే కనిపిస్తారు. పదహారేళ్లవాళ్లు ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లు ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు, ఇంట్లోవాళ్లే మధ్యలో లేపి తీసుకుపోయారు. మా వీధి చివర ఒక పిల్ల ఉండేది. ఎడమచేతి వాటం, సర్వీస్ చేస్తే కోర్టు అవతల నిలబడ్డ పెద్దవాళ్లు కూడా తడబడేవాళ్లు. తొమ్మిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో వేశారు. ఎందుకు మానిపించారండీ అని వాళ్లమ్మని అడిగితే, ఎండకి నల్లబడిపోతోందండీ, రేపు సంబంధాలు చూడాలి కదా అంది. వాళ్ల నాన్న, ఆటల్లో ఏం మిగుల్తుంది అన్నాడు. ఇప్పుడు హాస్టల్లో ఎంపీసీ చదువుతోంది. సింగిల్సే ఆడేది ఆ పిల్ల.