పేడలో సారం గ్యాసుతో పోదు

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఎప్పటినుంచో తిరుగుతోంది. మాటలు కాస్త మారుతుంటాయి గానీ వాదన అదే: "గోబర్ గ్యాస్ పెట్టించుకుంటే పేడలో సారమంతా పొయ్యిలో కాలిపోతుంది, పొలానికి మిగిలేది పిప్పే. పైగా ఇంటి పక్కన బాంబు పెట్టుకున్నట్టు. మీథేన్ కాల్చడం వాతావరణానికీ చేటే. ఊళ్లలో కట్టిన గుంతలన్నీ మూలపడింది ఇందుకే. ఇప్పుడు సిటీల్లో చెత్త నుంచి గ్యాస్ తీస్తామంటున్నదీ ఆ బాపతే." ఈ మాటలు నమ్మి, బాగా నడుస్తున్న ప్లాంటును పూడ్పించేసుకున్న పాడి రైతులు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు సారం సంగతి. రైతును నిజంగా వెనక్కి లాగేది ఈ భయమే.

గోబర్ గ్యాస్ గుంతలో గాలి తగలని చోట సూక్ష్మజీవులు పేడలోని కర్బన పదార్థాన్ని తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసులో 50 నుంచి 65 శాతం మీథేన్. మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్, దాంతోపాటు కాస్త తేమ, కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్. అంటే గొట్టంలోంచి పొయ్యికి వెళ్లేది ప్రధానంగా కర్బనం. భాస్వరం, పొటాష్ గ్యాసుగా మారేవి కావు, గ్యాసు పోయాక గుంతలోంచి బయటికొచ్చే చిక్కటి ద్రవంలో, అంటే స్లర్రీలో, వేసినవి వేసినట్టే ఉంటాయి. నత్రజనిలో కొంత భాగం అమ్మోనియం రూపంలోకి మారి స్లర్రీ నీళ్లలో కరిగి ఉంటుంది. ఆ రూపంలో ఉన్న నత్రజనిని వేరు తొందరగా తీసుకోగలదు. పచ్చి పేడ చల్లిన మడి కన్నా స్లర్రీ పారించిన మడి త్వరగా పచ్చబడటానికి కారణం ఇదే.

మరి కర్బనం మాటేమిటి? కొంత పోతుంది, దాచాల్సిన పని లేదు. కానీ పెంటదిబ్బ మీద ఆర్నెల్లు మాగిన పేడలోని కర్బనం మాత్రం ఎక్కడికి పోతోంది? అదీ గాలిలోకే. దిబ్బలో చెయ్యి పెడితే వేడిగా తగిలేది ఆ కర్బనం ఖర్చవుతున్నందుకే. ఆ వేడి ఏ గిన్నెకూ తగలదు. దిబ్బలో నత్రజని కూడా నష్టమే. ఎండకు కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది, వానకు కొంత కాలవలోకి కొట్టుకుపోతుంది. పిడకలు చేసి కాలిస్తే ఉన్న నత్రజని దాదాపు అంతా పొగతోనే సరి. గుంతలో అయితే ముందు ఖర్చయ్యేది తేలిగ్గా కుళ్లే భాగం. గట్టి పీచు స్లర్రీతో కలిసి పొలానికి చేరుతుంది.

అయితే ఈ పుకారు ఊరికే పుట్టలేదు. స్లర్రీ వేసినా పంట బాగా రాలేదన్న రైతు అబద్ధం చెప్పడం లేదు. అలాంటి చోట ప్లాంటు బయటి తొట్టి చూడండి. స్లర్రీ పక్కనున్న గుంతలోకి పారి, ఎండకు పగుళ్లిచ్చి, నల్లటి పెచ్చులుగా ఎండి ఉంటుంది. ఆ పెచ్చుల్ని పారతో పెళ్లగించి బండికెత్తి పొలానికి తోలతారు. అంతదాకా ప్లాంటు లోపల భద్రంగా ఉన్న అమ్మోనియా ఆ ఎండలోనే ఎగిరిపోయింది. తప్పు ప్లాంటుది కాదు, ఆరబెట్టడంలో ఉంది. స్లర్రీని పచ్చిగానే పారే నీటిలో కలిపి మడికి వదలండి. అది కుదరకపోతే బయట వేరే గుంతలో ఎండుగడ్డి, ఆకులు, చెరకు పిప్పి పరిచి, దాని మీద పోసి, నీడలో కంపోస్టుగా మాగబెట్టండి. అప్పుడు నత్రజనిని ఆ గడ్డి చాలావరకు పట్టి ఉంచుతుంది.

కొబ్బరి రైతులకు ఇందులో ఇంకో లాభం ఉంది. మొవ్వును తొలిచేసే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా పెంటదిబ్బల్లో. దాని పిల్లపురుగులు పెరిగేదీ అక్కడే. పేడ ఏ రోజుకారోజు గుంతలోకి వెళ్లిపోతే ఆ పురుగుకు అక్కడ కాపురం ఉండదు. పేడలో వచ్చే కలుపు గింజలు కూడా గుంతలో నానినన్ని రోజుల్లో చాలావరకు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి.

ఇక బాంబు అన్న మాట. వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాసు గట్టి ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది. గోబర్ గ్యాస్ చేరే డ్రమ్ములో ఒత్తిడి కొన్ని సెంటీమీటర్ల నీటి మట్టమంత మాత్రమే. ఎల్పీజీ కారితే బరువు వల్ల నేల మీద పరుచుకుంటుంది. గోబర్ గ్యాస్ గాలి కన్నా కొంచెం తేలిక, కిటికీ తెరిచి ఉంటే చెదిరిపోతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసి, అది కూడా మూసిన గదిలో పేరుకుంటేనే పేలుడుకు దారి. కాబట్టి గొట్టం, వాల్వు, కిటికీ విషయంలో సిలిండర్‌కు పడే జాగ్రత్తే దీనికీ పడాలి.

ప్రమాదం మాత్రం ఉంది, కానీ ఆ మెసేజ్ చెప్పే చోట లేదు. ప్రాణం తీసేది గుంతలోకి దిగడం. పూడిక తీద్దామని, లోపల ఏదో అడ్డం పడిందని ఎవరూ దిగకూడదు. లోపల ఊపిరికి ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఆ గ్యాసు కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పసిగట్టే శక్తే పోతుంది, వాసన లేదు కదా అనుకుంటూనే మనిషి పడిపోతాడు. పడిన మనిషిని తీయబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. సెప్టిక్ ట్యాంకుల్లో జరుగుతున్నవి ఇవే చావులు. అందరికీ పంపాల్సిన హెచ్చరిక ఏదైనా ఉంటే అది ఇది.

వాతావరణం గురించి చెప్పినది పూర్తిగా తలకిందుల వాదన. మీథేన్‌ను కాల్చకుండా గాలిలోకి వదలడమే చేటు. వందేళ్ల లెక్కన ఒక కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ల లెక్క తీసుకుంటే సుమారు 80 కిలోలు. అదే కిలో మీథేన్‌ను పొయ్యిలో కాలిస్తే వచ్చేది 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదీ గేదె మేసిన గడ్డి మొన్నటి సీజన్‌లో గాలిలోంచి తీసుకున్నదే, భూగర్భంలోంచి తవ్వి తెచ్చింది కాదు. ఇక్కడ ఒక షరతు ఉంది. పొడిగా, వదులుగా ఉన్న పెంటదిబ్బ నుంచి మీథేన్ తక్కువే వస్తుంది, గుంతలో కావాలనే ఎక్కువ పుట్టిస్తున్నాం. కాబట్టి పగిలిన డోమ్‌ను, అంటే గుంత మీది గుండ్రటి కప్పును, అలాగే వదిలేసినా, వంట లేదని వాల్వు తెరిచి గ్యాసు వదిలేసినా నష్టమే. పగులు పూడ్చండి, మిగిలిన గ్యాసును దాణా ఉడకబెట్టడానికి వాడండి.

సిటీ చెత్త గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల పద్ధతితో కట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా పెట్టినది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు అప్పటి సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త, దాన్నుంచి 17 టన్నుల బయో సీఎన్‌జీ, అంటే బండ్లకు ఇంధనంగా పనికొచ్చే గ్యాసు. అంతకు చాలా ముందే లక్నోలో కట్టిన 5 మెగావాట్ల ప్లాంటు మాత్రం నిలబడలేదు. వేరు చేయని చెత్త, మట్టి, ప్లాస్టిక్ వచ్చిపడటమే కారణం. తేడా ఇంటి దగ్గర తడి, పొడి విడదీయడంలో ఉంది.

మిగిలింది మూలపడ్డ గుంతల మాట. నిజమే, చాలా పాడయ్యాయి. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలైంది మొదలు దేశంలో కట్టినవి దాదాపు 50 లక్షలు. వాటిలో ఎన్నో ఇప్పుడు చెత్తకుండీలు. కానీ కారణాలు అడగండి. పాత ఇనుప డ్రమ్ములు తుప్పు పట్టాయి, హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ కలిస్తే ఇనుముకు చేసేది అదే. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుప డ్రమ్మే లేదు, ఇటుక డోమే. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి, ఎడ్లతోపాటు పేడా పోయింది. 1999లో దీపం పథకంతో పొదుపు సంఘాల మహిళల ఇళ్లకు సిలిండర్లు వచ్చాయి. రోజూ పేడ కలిపే పని తప్పిందని ఆడవాళ్లు సంతోషించారు, అందులో తప్పేమీ లేదు. సబ్సిడీ కోసం కట్టి, మరమ్మతుకు మేస్త్రీని మాత్రం చూపించని పద్ధతి మిగతా పని చేసింది.

ఆగిపోయాయనుకున్న కొన్నింటికైతే వచ్చిన జబ్బు చాలా చిన్నది. గొట్టం వంపు తిరిగిన చోట నీళ్లు నిలుస్తాయి. మంట ముందు ఎగిసిపడుతూ, తగ్గుతూ ఆడుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఆ నీళ్లు తీసేందుకు అక్కడ పెట్టిన కుళాయి తిప్పి వాటిని వదిలితే మళ్లీ నీలి మంట వస్తుంది. ఇంకో జబ్బు, పేడతో పాటు గడ్డి పరకలు లోపలికి పోయి పైన అట్ట కట్టడం. కలిపే తొట్టిలో పేడకు సమానంగా నీళ్లు పోసి, చేత్తో గడ్డీ గులకరాళ్లూ ఏరి వదిలితే అది రాదు.

ఎవరికి పనికొస్తుందో లెక్క చెబుతాను. కిలో పచ్చి పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు. రోజుకు 25 కిలోల పేడ, అంటే రెండు మూడు పశువులు, ఉంటే ఒక ఘనపు మీటరు గ్యాసు, నలుగురి ఇంటి వంటకు సరిపడేది. వేడి లెక్కన అది సుమారు 450 గ్రాముల ఎల్పీజీ, అంటే ఒక సిలిండర్ నెల రోజులు వచ్చినంత. పశువులు అంతకన్నా తక్కువ ఉన్న ఇంటికి, లేదా పేడ మొత్తం అమ్ముకునే ఇంటికి ప్లాంటు వద్దనే చెబుతాను. నాలుగు గేదెలుండి, పక్కనే పొలం, నీళ్లు ఉన్న రైతు మాత్రం ఆ మెసేజ్ చూసి ఆగిపోవాల్సిన పని లేదు. కట్టే ముందు ఆ చుట్టుపక్కల పదేళ్లుగా నడుస్తున్న ప్లాంటు ఒకటి వెతికి, దాన్ని కట్టిన మేస్త్రీనే పిలిపించుకోండి.