ఒక్క లైను కొడితే అజ్ఞాతం రాదు

గుంటూరులో ఇంజనీరింగ్ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "టెర్మినల్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ అని కొట్టి, హెచ్‌టీటీపీ ప్రాక్సీకి ఒక చిరునామా ఇవ్వండి. మీ కంప్యూటర్ మొత్తం దాగిపోతుంది. మీరు జర్మనీలో ఉన్నట్టు కనిపిస్తారు. సాక్స్ ప్రాక్సీ అయితే ఇంకా భద్రం. ఉచిత ప్రాక్సీల జాబితా కింద ఉంది. ప్రాక్సీ అంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, పోలీసులు కూడా పట్టుకోలేరు."

ప్రాక్సీ అంటే మన తరఫున సైటును అడిగే మధ్యవర్తి కంప్యూటర్, సాక్స్ అందులో ఒక రకం. ఎన్‌క్రిప్ట్ చేయడం అంటే మధ్యలో ఎవరూ చదవలేని సంకేతంగా మార్చడం. టెర్మినల్ అంటే ఆదేశాలు టైపు చేసే విండో. నేను బ్రాడీపేటలో లినక్స్ నేర్పుతాను. ఈ సందేశాన్ని నాకు చూపించిన వాళ్ళలో ఒక అమ్మాయి, "మేడం, ఇది పెట్టుకున్నాను, ఇక భయం లేదు కదా?" అని అడిగింది. ఆమె తన ఆరోగ్యం గురించి ఎవరినీ అడగలేని విషయం ఒకటి వెతుక్కుంటోంది. ఎవరు ఏ సైటు చూశారో వైఫై రికార్డులో తెలుస్తుందని, ఇళ్ళకు చెబుతామని ఆమె ఉండే హాస్టల్లో బెదిరిస్తారు. ఇలాంటి పిల్లలు నమ్ముతారు కాబట్టే ఈ సందేశంలోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

కంప్యూటర్ మొత్తం దాగిపోతుందన్నది మొదటి అబద్ధం. ఆ లైను ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే ప్రోగ్రాములు చదువుకునే ఒక సెట్టింగును పెడుతుంది, అంతే. అది ఆ ఒక్క టెర్మినల్ విండోకీ, అందులోంచి నడిపిన ప్రోగ్రాములకీ మాత్రమే తెలుస్తుంది. వాటిలోనూ దాన్ని చదివేలా రాసినవే పాటిస్తాయి. వెబ్ పేజీలు తెచ్చే కర్ల్, డబ్ల్యుగెట్ పాటిస్తాయి, అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్ పాటించదు. మెనూలోంచి తెరిచిన ఫైర్‌ఫాక్స్‌కు ఆ లైను ఉన్నట్టే తెలియదు. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే పేరు పెడితే అది హెచ్‌టీటీపీ చిరునామాలకే వర్తిస్తుంది. దాని ఎన్‌క్రిప్ట్ చేసిన రూపమైన హెచ్‌టీటీపీఎస్‌కు వేరే పేరుతో ఇంకో వేరియబుల్ పెట్టాలి. ఈ రోజు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్‌తోనే నడుస్తోంది. అంటే సందేశం చెప్పినట్టు చేసినవాళ్ళ కర్ల్ చాలావరకు ప్రాక్సీని తాకకుండా నేరుగా వెళుతోంది. పైగా ఆ హెచ్‌టీటీపీ వేరియబుల్ పేరును కర్ల్ చిన్న అక్షరాల్లో ఉంటేనే చదువుతుంది. పెద్ద అక్షరాల్లో రాస్తే తప్పు అని కూడా చెప్పదు.

సాక్స్ సంగతి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మీదే చూశాం. రెండు టెర్మినల్ విండోలు పక్కపక్కన పెట్టాం. నెట్‌వర్క్‌లో వెళ్ళేవాటిని చూపించే టీసీపీడంప్‌ను ఎడమ వైపు 53వ పోర్టు మీద కాపలా ఉంచాం. పోర్టు అంటే కంప్యూటర్ రాకపోకలకు వాడే ద్వారం సంఖ్య. సైటు పేరుకు ఐపీ చిరునామా (నెట్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య) ఏమిటని అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్నలు మామూలుగా వెళ్ళేది ఆ దారినే. కుడి వైపు కర్ల్‌కు సాక్స్5 అని చెప్పి, మన రాకపోకలను పలు యంత్రాల గుండా తిప్పి దాచే టోర్ వినే 9050 పోర్టును ప్రాక్సీగా ఇచ్చి, ఒక సైటు అడిగాం. పేజీ టోర్ గుండానే వచ్చింది. కానీ అది రాకముందే ఎడమ వైపు ఆ సైటు పేరు అక్షరాలా పడింది. ఆమె మాట్లాడలేదు, వేలితో ఆ పేరు చూపించింది. హాస్టల్లో అయితే ఆ ప్రశ్న హాస్టల్ రూటర్‌కే చేరేది. తర్వాత వేరే సైటు తీసుకుని, సాక్స్5 పక్కన హెచ్ అనే ఒక్క అక్షరం చేర్చి మళ్ళీ కొట్టాం. ఎడమ విండోలో ఏమీ పడలేదు. ఆ అక్షరం లేకపోతే కర్ల్ పేరును మన కంప్యూటర్లోనే విప్పుకుంటుంది, ఉంటే ఆ పని ప్రాక్సీకి అప్పగిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో కూడా సాక్స్ వాడేటప్పుడు డీఎన్‌ఎస్‌ను ప్రాక్సీ ద్వారా పంపే ఎంపిక ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇంత ముఖ్యమైన అక్షరం గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

జర్మనీలో ఉన్నట్టు కనిపించడం నిజమే. అయితే మన మిర్చి యార్డు గుర్తు తెచ్చుకోండి. కొనేవాడి ముందు కమిషన్ కొట్టు ఉంటుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏ ఊరి ఏ రైతువో ఆ కొట్టు చిట్టాలో ఉంటుంది. ప్రాక్సీ ఆ కొట్టులాంటిది. సైటుకు దాని ఐపీ కనిపిస్తుంది, మీ ఐపీ దాని లాగుల్లో (రాకపోకల రికార్డుల్లో) ఉండవచ్చు. కొన్ని ప్రాక్సీలైతే మీ అసలు ఐపీని అభ్యర్థనతో పాటు వెళ్ళే వివరాల్లోనే (హెడర్) రాసి సైటుకు అందిస్తాయి. ఇక ప్రాక్సీ వెనక నుంచి మీ సొంత ఈమెయిల్‌లోకి లాగిన్ అయితే పేరు మీరే చెప్పినట్టు.

ఉచిత జాబితా విషయంలో నాకు కోపం ఆగదు. ఎవరు నడుపుతున్నారో తెలియని యంత్రానికి మీ రాకపోకలన్నీ అప్పగించమని పిల్లలకు ఎలా చెబుతారు? 2007లో స్వీడన్‌కు చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ టోర్‌లో సొంతంగా ఎగ్జిట్ నోడ్లు, అంటే సమాచారం టోర్ నుంచి బయటికి వెళ్ళే చివరి యంత్రాలు నడిపారు. వాటి గుండా ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్ళే సమాచారాన్ని గమనించి, సుమారు 100 ఈమెయిల్ ఖాతాల పాస్‌వర్డులు బయటపెట్టారు. వాటిలో మన దేశ రాయబార కార్యాలయాలవి కూడా ఉన్నాయి. ఆయన ఏ తాళమూ పగలగొట్టలేదు, దారి చివర కూర్చున్నారు. ఉచిత ప్రాక్సీ నడిపేవాడు కూర్చునేదీ అక్కడే.

ప్రాక్సీ అంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుందన్నదీ తప్పే. ఆ పని చేసేది హెచ్‌టీటీపీఎస్. అది ఉంటే ప్రాక్సీకి సైటు పేరు తెలుస్తుంది, లోపలి విషయం తెలియదు. లేకపోతే అన్నీ తెలుస్తాయి.

పోలీసుల మాటను ఆ సందేశంలో రాసినవారు బాధ్యత లేకుండా రాశారు. సొంతంగా సర్వర్ అద్దెకు తీసుకుని ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటర్‌కు ఎన్‌క్రిప్ట్ చేసి కలిపే పద్ధతి) ప్రాక్సీ పెట్టుకున్నా, ఆ సర్వర్ మీ పేరు మీదే ఉంటుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్, వీపీఎస్ (అద్దె సర్వర్) సంస్థలు వినియోగదారుల వివరాలను 5 సంవత్సరాలు, లాగులను 180 రోజులు భద్రపరచాలి. టోర్ వాడినా అంతే జాగ్రత్త కావాలి. 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి టోర్ ద్వారా బాంబు బెదిరింపు ఈమెయిల్ పంపి దొరికిపోయాడు. టోర్‌ను ఎవరూ ఛేదించలేదు. ఆ సమయానికి విశ్వవిద్యాలయ వైఫై మీద టోర్ వాడినవాళ్ళు ఎవరో రికార్డులో ఉంది.

ఆ అమ్మాయి ఉచిత ప్రాక్సీ లైను తీసేసింది. టోర్ ప్రాజెక్టు సొంత సైటు నుంచి టోర్ బ్రౌజర్ దించుకుంది. రిలేలు అనే మూడు మధ్య యంత్రాల గుండా వెళుతుంది కాబట్టి, మీరెవరో, మీరు చూసే సైటు ఏదో రెండూ తెలిసిన రిలే అందులో ఉండదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి నేను టోర్ వాడుతున్నానని హాస్టల్ వైఫైకి తెలుస్తుందా, మేడం?" అంది. తెలుస్తుందన్నాను. "నాకు భయం హాస్టల్ వాళ్ళతోనే కదా" అంటూ ల్యాప్‌టాప్‌ను వైఫై నుంచి తీసి, తన ఫోను డేటాకు కలుపుకుంది.